ఆ వారం ఏ దుకాణాన్ని అడిగారు?

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఏ మాస్టారి స్మారకమో, ఆయన కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పారు. రేడియో వినడమంటే ఆయనకు పాఠం చెప్పడమంత ఇష్టం. ఆ రెండు ఇష్టాలూ కలిసే చోటు ఒకటుంది కాబట్టి ఈ విషయం ఎంచుకున్నాను. ఫలానా వారం ఎక్కువగా అమ్ముడైన పాట ఇది, దాని తర్వాతది ఇది అని వరస పెట్టి చెప్పే చార్టులు, అంటే పాటల అమ్మకాల పట్టికలు, పాత దశాబ్దాల్లో ఎలా తయారయ్యేవి? పేపర్లో ఏ అంకె చూపించినా మాస్టారు ముందు అడిగే మాట మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది: "ఎవరిని అడిగి రాశారట?" ఆ ప్రశ్న పట్టుకుని లండన్, న్యూయార్క్ చూసి, కొలంబో మీదుగా మన ఊరికి వద్దాం.

1952 నవంబర్ 14న లండన్‌లో 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' అనే వారపత్రిక బ్రిటన్‌లో మొట్టమొదటి రికార్డుల అమ్మకాల పట్టిక అచ్చు వేసింది. అంతకుముందు అక్కడ పాటకున్న గిరాకీని స్వరలిపి కాగితాల అమ్మకంతో చూసేవారు. ఇంట్లో పియానో ఉన్నవాళ్లు కొనుక్కుపోయే కాగితాలవి. ఆ లెక్కలో పాట ఉండేది, పాడినవాళ్లు ఉండేవాళ్లు కాదు. గ్రామఫోన్ రికార్డు వచ్చి గొంతుకు ధర కట్టింది. పత్రికలో ప్రకటనల పని చూసే పర్సీ డికిన్స్‌కు ఈ మార్పు తెలిసింది. రికార్డు కంపెనీలు ప్రకటనలు ఇవ్వాలంటే, వాళ్లు విధిగా తిరగేసే పేజీ ఒకటి పత్రికలో ఉండాలి. ఆయన ఫోన్ తీసుకుని ఓ ఇరవై దుకాణాలకు వరసగా ఫోన్ చేశాడు. ఈ వారం మీ దగ్గర బాగా పోయినవేమిటని అడిగాడు. చెప్పింది రాసుకున్నాడు. అలా వచ్చిన పట్టికలో మొదటి స్థానం అల్ మార్టినో పాడిన 'హియర్ ఇన్ మై హార్ట్'ది. ఆ పాట తొమ్మిది వారాలు అక్కడే ఉంది. పట్టికలో స్థానాలు పన్నెండు, పాటలు మాత్రం పదిహేను. కొన్ని పాటలు సరిసమానంగా వస్తే వాటిని ఒకే స్థానంలో సర్దారు.

సరిసమానంగా రావడానికి కారణం ఉంది. దుకాణదారు ఫోన్లో చెప్పేది వరస, సంఖ్య కాదు. వరసకు మార్కులు వేసి, అన్ని దుకాణాల మార్కులూ కూడి పట్టిక కట్టడం ఆ రోజుల పద్ధతి. మాస్టారు బ్లాక్‌బోర్డు మీద చేసి చూపించినట్టు మనమూ ఒక లెక్క చేద్దాం. నగరం నడిబొడ్డున ఉన్న దుకాణంలో ఆ వారం మొదటి పాటవి 300 రికార్డులు, రెండోదానివి 290 పోయాయనుకోండి. ఊరి చివర చిన్న దుకాణంలో మొదటిదానివి 6, రెండోదానివి 2. రెండు చోట్ల నుంచీ పత్రికాఫీసుకు వెళ్లే కబురు మాత్రం ఒకలాంటిదే: ఫలానాది ఒకటి, ఫలానాది రెండు. అక్కడ మూడొందల మంది, ఇక్కడ ఆరుగురు, విలువ ఒకటే. ఆ 290 మంది కొన్న పాట ఇక్కడ ఆరుగురు కొన్నదానికన్నా కింద పడుతుంది. పైగా చెప్పేవాడు లెక్కపుస్తకం చూసి చెప్పడు, జ్ఞాపకం మీద చెబుతాడు. బీరువాలో ఎక్కువ పేరుకుపోయిన రికార్డు పేరు ముందు చెప్పాలని అతనికి అనిపించడం సహజం. పట్టికలోకి ఎక్కితే సరుకు కదులుతుంది కదా.

ఆ దుకాణదారులను నేను తప్పు పట్టడం లేదు. వాళ్లు పని మధ్యలో ఫోనెత్తి, తోచింది చెప్పారు. ఆ ఇరవై మంది మాటను దేశం మాటగా అచ్చు వేసిన తీరు గురించే నా ఆలోచన.

ఎత్తు పారిందని తెలియగానే మిగతా పత్రికలు ఊరుకుంటాయా? 1955లో 'రికార్డ్ మిర్రర్', 1956లో 'మెలొడీ మేకర్', తర్వాత 'డిస్క్', 1960లో వ్యాపారుల పత్రిక 'రికార్డ్ రీటైలర్' తలా ఒక పట్టిక మొదలుపెట్టాయి. ఎవరు అడిగే దుకాణాలు వాళ్లవి. ఒకరు ఫోన్ చేస్తే ఇంకొకరు పోస్టులో కాగితాలు తెప్పించుకునేవారు. అందుకే 1963లో ఒక విచిత్రం జరిగింది. బీటిల్స్ పాడిన 'ప్లీజ్ ప్లీజ్ మీ' న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్‌లో ఒకటి, మెలొడీ మేకర్‌లో ఒకటి, డిస్క్‌లో కూడా ఒకటి. సుమారు ముప్పై దుకాణాల మీద ఆధారపడిన రికార్డ్ రీటైలర్‌లో మాత్రం రెండు. ఆ కాలంలో ఎక్కువమంది చూసింది న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్‌ను. అయితే 1977లో గిన్నిస్ వాళ్లు బ్రిటిష్ హిట్ పాటల పుస్తకం వేసినప్పుడు, అరవైల పాటలకు రికార్డ్ రీటైలర్ పట్టికనే ప్రమాణంగా తీసుకున్నారు. అప్పటి నుంచి ఆ పాట చరిత్రలో రెండో స్థానంలోకి దిగిపోయింది. 2000లో బీటిల్స్ నంబర్ వన్ పాటలన్నీ కలిపి '1' అనే ఆల్బమ్ తెచ్చినప్పుడు అందులో దానికి చోటు దక్కలేదు. 1963లో ఆ రికార్డు కొన్న లక్షల మంది చేసిన పని మారలేదు. పధ్నాలుగేళ్ల తర్వాత ఒక పుస్తకం వేసినవాళ్లు ఏ కాగితం నమ్మాలో నిర్ణయించారు, అంతే.

బీబీసీ ఈ గొడవలో తలదూర్చకుండా, ఉన్న పట్టికలన్నిటినీ కూడి సగటు తీసి చదివేది. సగటు సురక్షితమని అనిపిస్తుంది. 1968 ఆగస్టు చివర్లో ఆ సగటు మూడు పాటలను ఒకేసారి మొదటి స్థానంలో నిలబెట్టింది: బీ జీస్‌ది ఒకటి, బీచ్ బాయ్స్‌ది ఒకటి, హెర్బ్ ఆల్పర్ట్‌ది ఒకటి. ఇక ఇలా కుదరదని అందరికీ అర్థమైంది. 1969 ఫిబ్రవరిలో బీబీసీ, రికార్డ్ రీటైలర్ కలిసి బ్రిటిష్ మార్కెట్ రీసెర్చ్ బ్యూరో అనే సంస్థకు పని అప్పగించాయి. ఖర్చు సుమారు 52,000 పౌండ్లు. మాస్టారికి ఇష్టమైన శాంపిల్ సర్వే ఇక్కడ రంగంలోకి వచ్చింది.

ఇది కాస్త వివరంగా చెప్పుకోవలసిన భాగం. దేశంలో సుమారు 6,000 దుకాణాలుంటే వాటిలోంచి యాదృచ్ఛికంగా 250 ఎంపిక చేశారు. ప్రతి దుకాణానికీ ఒక డైరీ ఇచ్చారు. రికార్డు అమ్మినప్పుడల్లా కౌంటర్ దగ్గరున్న మనిషి దాని కేటలాగు నంబరు ఆ డైరీలో రాయాలి. శనివారం దుకాణం కట్టేసే వేళకు డైరీ ముగించి పోస్టు చేయాలి. సోమవారం ఆ నంబర్లను పంచ్ కార్డుల మీదికి ఎక్కించి కంప్యూటర్‌కు పెడతారు. మంగళవారం బీబీసీకి పట్టిక చేరుతుంది, రేడియోలో చదువుతారు. పిల్లలు బడిలో ఉండే వేళ కావడంతో ట్రాన్సిస్టర్లు దొంగచాటుగా తెచ్చుకుని విన్నవాళ్లు ఒక తరమంతా ఉన్నారు.

కాగితం మీద పద్ధతి చక్కగా ఉంది. కౌంటర్ దగ్గర నిలబడి చూస్తే వేరేలా ఉంటుంది. శనివారం మధ్యాహ్నం, జీతాలు వచ్చిన వారం. కుర్రకారు మూడు వరసల్లో నిలబడి ఉన్నారు. ఒకరికి రికార్డు వినిపించాలి, ఇంకొకరికి చిల్లర ఇవ్వాలి, మూడోవాళ్లకు కావలసింది పై అరలో ఉంది. ఈ హడావిడిలో ప్రతి అమ్మకానికీ ఆరేడు అక్షరాలు, అంకెలు తప్పు లేకుండా రాయాలంటే మనిషికి ఎంత ఓపిక ఉండాలి? రాయనివి సాయంత్రం గుర్తు తెచ్చుకుని నింపాలి. చాలా వారాలు 250 డైరీలూ వచ్చేవి కావు. 1971 మొదట్లో పోస్టల్ సమ్మె జరిగినప్పుడు ఏర్పాటంతా కుంటుపడింది. తర్వాతి కాలంలో మోటారు సైకిళ్ల మీద మనుషుల్ని పంపి డైరీలు తెప్పించుకున్నారు. బ్రిటన్ పాప్ సంగీత చరిత్రలో డెబ్బైల దశకమంతా, మనం పుస్తకాల్లో చదివే ప్రతి నంబర్ వన్ వెనకా, పేరు తెలియని కౌంటర్ ఉద్యోగి పెన్సిల్ రాత ఉంది. ఆ మనుషుల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. నాకు అది వెలితిగానే ఉంటుంది.

ఇక శాంపిల్‌లోనే ఉన్న మరో చిక్కు. 6,000కు 250 అంటే ఒక్కో దుకాణం ఇరవై నాలుగు దుకాణాల తరఫున మాట్లాడుతున్నట్టు. ఆ దుకాణంలో ఒక రికార్డు కొంటే, ఉజ్జాయింపుగా, దేశంలో ఇరవై నాలుగు కొన్నట్టు లెక్క. అలాంటప్పుడు ఏ దుకాణాలు శాంపిల్‌లో ఉన్నాయో తెలిస్తే ఎంత లాభం! ఆ జాబితా రహస్యం. కానీ ఊరూరా తిరిగే కంపెనీ ప్రతినిధులకు కౌంటర్ మీద డైరీ కనిపించకుండా పోతుందా? తెలిసిన దుకాణాలకు మనుషుల్ని పంపి తమ రికార్డులే కొనిపించినవాళ్లున్నారు. ఉచితంగా రికార్డులు, కానుకలు ఇచ్చి, అమ్మని నంబర్లు డైరీలో రాయమని దుకాణంవాళ్లను ఒప్పించినవాళ్లున్నారు. 1980 ఆగస్టులో గ్రానడా టెలివిజన్ వారి 'వరల్డ్ ఇన్ యాక్షన్' కార్యక్రమం ఈ బాగోతాన్ని బయటపెట్టింది. నంబర్ వన్‌కు చాలా దూరంలో ఉన్న పాటలకే ఈ మోసం ఎక్కువ అవసరం. డెబ్బయ్యో, అరవయ్యో స్థానంలో ఉన్న పాటను కొన్ని పదుల రికార్డులతో పైకి నెట్టవచ్చు. ఒకసారి నలభై లోపలికి వస్తే రేడియో వాళ్లు వేస్తారు, ఆ తర్వాత జనం నిజంగానే కొంటారు. దొంగలెక్క నిజం లెక్కగా మారిపోతుంది. కష్టపడి పాడుకుని, కానుకలు పంచే స్తోమత లేక, నలభై ఒకటో స్థానంలో ఆగిపోయిన గాయకుల గురించి ఆలోచిస్తే నాకు కోపం వస్తుంది.

1977 జూన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాణి సింహాసనం ఎక్కి పాతికేళ్లు నిండిన సంబరాల వారంలో సెక్స్ పిస్టల్స్ బృందం పాట 'గాడ్ సేవ్ ద క్వీన్' అమ్మకాల్లో ఉంది. బీబీసీ దాన్ని ప్రసారం చేయనంది. కొన్ని పెద్ద దుకాణాలు అమ్మేది లేదన్నాయి. ఆ వారం అధికారిక పట్టికలో మొదటి స్థానం రాడ్ స్టూవర్ట్‌ది, వీళ్లది రెండు. న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ సొంత పట్టికలో వీళ్లదే ఒకటి. అధికారిక లెక్కను కావాలనే వంచారా లేదా అన్న వాదన నేటికీ తెగలేదు. తేలకపోవడానికి కారణం మనం ఇంతసేపూ చూస్తున్నదే. డైరీల మీద నడిచే లెక్కను బయటివాళ్లు తిరిగి సరిచూసే దారి లేదు. 1983 జనవరిలో గాలప్ సంస్థ పని చేపట్టి, దుకాణాల్లో చిన్న యంత్రాలు పెట్టి, రాత్రిపూట టెలిఫోన్ తీగల మీద అంకెలు లాక్కోవడం మొదలుపెట్టాక డైరీల కాలం ముగిసింది.

అమెరికాకు వద్దాం. అక్కడ 'బిల్‌బోర్డ్' పత్రిక 1940 జూలైలో దుకాణాల అమ్మకాల పట్టిక మొదలుపెట్టింది. తొలి మొదటి స్థానం టామీ డోర్సీ బృందానిది, పాడింది ఫ్రాంక్ సినాత్రా. యాభైల నాటికి బిల్‌బోర్డ్ మూడు పట్టికలు వేసేది: దుకాణాల్లో అమ్ముడైనవి, రేడియో జాకీలు వేసినవి, జూక్‌బాక్సుల్లో మోగినవి. నాకు ఆ మూడు పట్టికల పద్ధతి మీద గౌరవం ఉంది. రికార్డు కొనే స్తోమత ఉన్నవాడు ఒకడు, రేడియో స్టేషన్‌లో కూర్చున్నవాడు ఇంకొకడు, హోటల్లో నాణెం వేసి మూడు నిమిషాలు పాట వినేవాడు మరొకడు. ముగ్గురినీ విడివిడిగా అడగడం నిజాయితీ. 1957లో జూక్‌బాక్స్ పట్టిక ఆగిపోయింది. 1958 ఆగస్టు 4న అమ్మకాలనూ రేడియో ప్రసారాలనూ కలిపి 'హాట్ 100' వచ్చింది. నాణెం వేసేవాడి గొంతు ఆ కలగలుపులో వినపడలేదు.

నల్లజాతివారి సంగీతం కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 1942 అక్టోబర్ 24న బిల్‌బోర్డ్ 'హార్లెమ్ హిట్ పరేడ్' అని వేరే పట్టిక మొదలుపెట్టింది. న్యూయార్క్‌లో హార్లెమ్ ప్రాంతపు కొద్దిపాటి దుకాణాలను అడిగి వేసిన పట్టిక అది. దేశమంతటా ఉన్న కోటికి పైగా నల్లజాతి ప్రజల తరఫున ఒక పేట మాట్లాడింది. తర్వాత దాని పేరు 'రేస్' రికార్డుల పట్టిక అయింది. 1949లో, అప్పట్లో పత్రికలో పనిచేసే జెర్రీ వెక్స్‌లర్ సూచన మీద 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చారు. 1963 నవంబర్ చివర బిల్‌బోర్డ్ ఆ పట్టికనే ఆపేసింది. ఆ పాటలు ఎలాగూ హాట్ 100లోకి వస్తున్నాయి, వేరే పట్టిక ఎందుకన్నది ఆలోచన. 1965 జనవరిలో గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. పౌరహక్కుల ఉద్యమం ఉధృతంగా నడిచిన పధ్నాలుగు నెలలపాటు, ఆ దేశపు నల్లజాతి శ్రోతలు ఏం కొంటున్నారన్న ప్రశ్న బిల్‌బోర్డ్ ఎవరినీ విడిగా అడగలేదు. ఆ నెలల్లో పుట్టిన పాటలకు ఈ రోజుకూ ఆ పత్రిక రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో స్థానం లేదు. పాటలున్నాయి, కొన్నవాళ్లున్నారు, గడి ఖాళీ.

1991 దాకా బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టిక కూడా ఫోన్ల మీదే నడిచింది. దుకాణం మేనేజరో గుమాస్తానో వరస చెప్పేవాడు. మైక్ షాలెట్, మైక్ ఫైన్ అనే ఇద్దరు సౌండ్‌స్కాన్ అనే సంస్థ పెట్టి, రికార్డుల అట్టల మీదున్న బార్‌కోడ్‌ను బిల్లు వేసే యంత్రం చదివినప్పుడు పుట్టే అంకెలనే సేకరించారు. 1991 మే 25 సంచికతో బిల్‌బోర్డ్ ఆ లెక్కకు మారింది. అదే ఏడాది నవంబర్ 30న హాట్ 100 కూడా మారింది.

ఆ తర్వాత కొన్ని నెలలు చూడండి. కంట్రీ గాయకులు, రాప్ బృందాలు, హెవీ మెటల్ బృందాలు పట్టిక పైకి ఎగబాకాయి. జూన్‌లో లాస్ ఏంజెలెస్ దగ్గరి కాంప్టన్ కుర్రాళ్ల రాప్ బృందం ఎన్‌డబ్ల్యూఏ ఆల్బమ్ రెండో స్థానంలో అడుగుపెట్టి, మరుసటి వారం మొదటి స్థానానికి వెళ్లింది. రేడియోలు వాళ్ల పాటలు దాదాపు వేసేవి కావు. సెప్టెంబర్‌లో గార్త్ బ్రూక్స్ 'రోపిన్ ద విండ్' నేరుగా మొదటి స్థానంలోకి వచ్చింది. కంట్రీ ఆల్బమ్‌కు అలా జరగడం అదే మొదలు. అసలు సౌండ్‌స్కాన్ లెక్క రాకముందు, 1975 నుంచి ఏ సంగీతానికైనా అలా మొదటి వారమే మొదటి స్థానం దక్కింది ఆరంటే ఆరు ఆల్బమ్‌లకు. యంత్రం వచ్చాక అది మామూలైపోయింది.

అమెరికా ప్రజల అభిరుచి ఒక్క వారంలో మారిపోదు కదా. ఓక్లహోమాలో సూపర్‌మార్కెట్ బుట్టలో పాలు, రొట్టెతో పాటు కంట్రీ క్యాసెట్ వేసుకున్న ఇల్లాలు అంతకుముందూ ఉంది. పేటలో రాప్ క్యాసెట్ కొన్న కుర్రాడూ ఉన్నాడు. ఫోన్ ఆ దుకాణాలకు తక్కువగా వెళ్లేది, వెళ్లినా చెప్పేవాడి చెవికి ఆ సంగీతం ఆనేది కాదు. దాని వల్ల ఎన్ని కంపెనీలు ఎవరి మీద డబ్బు పెట్టలేదో, ఏ ఊళ్లో కచేరీ ఏర్పాటు కాలేదో లెక్క కట్టడం ఎవరి తరం? నా మట్టుకు నాకు సంగీత చరిత్రలో 1991 మే నెల ఒక గొప్ప పాట పుట్టిన నెలంత ముఖ్యమైనది.

యంత్రం వచ్చినంత మాత్రాన మనిషి నిర్ణయాలు పోలేదు. అదే 1991లో బిల్‌బోర్డ్ పాత ఆల్బమ్‌లను వేరే పట్టికలో పెట్టాలని నియమం పెట్టుకుంది. 2009లో మైకేల్ జాక్సన్ చనిపోయినప్పుడు ఆయన పాత ఆల్బమ్‌లు దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యాయి, ప్రధాన పట్టికలో మాత్రం కనిపించలేదు. ఆ ఏడాది డిసెంబర్‌లో నియమం మార్చారు.

ఇప్పుడు కొలంబో. లండన్‌లో డికిన్స్ పట్టిక అచ్చయి మూడు వారాలైనా తిరక్కముందే, 1952 డిసెంబర్ 3న రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ 'బినాకా గీత్‌మాలా' అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం మొదలుపెట్టారు. ఆకాశవాణిలో, అప్పటి సమాచార ప్రసార శాఖ మంత్రి కేస్కర్ గారి హయాంలో సినిమా పాటకు తలుపు మూసుకుపోయిన రోజులు. మన ఊళ్లలో కూడా బుధవారం రాత్రి సిలోన్ స్టేషన్ కోసం ముల్లు తిప్పినవాళ్లు ఎందరో. హిందీ రాని ఇళ్లలోనూ ఆ పాటల వరస తెలుసు. అదే సిలోన్‌లో తెలుగు పాటల వేళ మీనాక్షి పొన్నుదురై గారి గొంతు కోసం ఎదురుచూసినవాళ్లు ఈ సభలో ఉండే ఉంటారు.

గీత్‌మాలా మొదట్లో పాటల పోటీ. ఉత్తరాలు వారానికి 65,000 దాకా వచ్చేవని సయానీ చెప్పేవారు. తట్టుకోలేక దాన్ని స్థానాల వరసగా మార్చారు. ఆ వరస కట్టడానికి ఆయన రికార్డుల దుకాణాల అమ్మకాలు ఒక్కటే తీసుకోలేదు. శ్రోతల సంఘాల అభిప్రాయం కూడా కలిపారు. రికార్డు నిల్వ అయిపోతే అమ్మకం పడిపోతుంది, పాట మీద ప్రేమ పడిపోదు కదా. ఇది నాకు గొప్ప ఆలోచనగా అనిపిస్తుంది. గ్రామఫోన్ కొనగలిగిన ఇళ్లు ఊరికి ఒకటో రెండో ఉన్న దేశంలో, అమ్మకాన్ని మాత్రమే లెక్క పెడితే వినేవాళ్లంతా బయటే ఉంటారు. పోస్టుకార్డు రాయడానికి గ్రామఫోన్ అక్కర్లేదు. అందుకే ఝుమ్రీ తలైయా అనే చిన్న గనుల ఊరు దేశమంతటికీ తెలిసిపోయింది. తమను లెక్కలో వేసుకోమని ఆ ఊరివాళ్లు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు.

మన తెలుగు పాటకు దుకాణాల్ని అడిగి వారం వారం కట్టిన, అందరూ ఒప్పుకున్న పట్టిక అంటూ స్థిరపడలేదు. తర్వాతి కాలంలో సినిమా వాళ్లు 'ప్లాటినం డిస్క్' వేడుకలు చేశారు. వేదిక మీద మెరిసే పళ్లెం ఇచ్చేవారు, ఎన్ని క్యాసెట్లకు ఆ పళ్లెమో, ఆ సంఖ్య ఎవరు సరిచూశారో ప్రేక్షకులకు చెప్పేవారు కాదు.

అయితే మనకు ఒక లెక్క ఉండేది. ఎనభైల్లో, తొంభైల మొదట్లో ప్రతి పట్టణంలోనూ బస్టాండ్ దగ్గరో సినిమా హాలు పక్కనో ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది. మనం చీటీ మీద పాటల పేర్లు రాసుకుని, ఖాళీ క్యాసెట్ ఇచ్చి వస్తే, రెండు రోజుల్లో అటు ఆరు, ఇటు ఆరు పాటలు ఎక్కించి ఇచ్చేవారు. కాపీరైట్ చట్టం ప్రకారం అది సరైన పని కాదు, ఆ మాట దాచక్కర్లేదు. కానీ ఆ చీటీల్లో పాతిక ముప్పై ఏళ్ల నాటి సినిమా పాట పక్కన ఆ వారం వచ్చిన పాట ఉండేది. ఘంటసాల పద్యం పక్కన ఇళయరాజా పాట ఉండేది. ఏ కంపెనీ అమ్మకాల్లోనూ పడని ఎంపిక అది. డికిన్స్ ఫోన్ చేసి అడిగింది దుకాణదారు మాట. ఈ చీటీలో ఉన్నది వినేవాడు తన చేత్తో రాసుకున్న వరస. కొంతమంది సెంటర్ల వాళ్లు ఏ పాట ఏ క్యాసెట్ మీద ఉందో వెతుక్కోవడానికి రిజిస్టర్లు పెట్టుకునేవారు. అడిగిన పాటలే ముందు పేజీల్లోకి వచ్చేవి.

ఆ సెంటర్లు నడిపినవాళ్లు ఇప్పుడు సెల్‌ఫోన్ల రిపేరు చేసుకుంటూనో, పిల్లల దగ్గరో ఉన్నారు. వాళ్ల వయసు అరవై దాటింది. రిజిస్టర్లు కొన్నయినా అటకల మీద ఉండాలి. మాస్టారి పేరు మీద ఏటా ఉపన్యాసం ఏర్పాటు చేస్తున్న నిర్వాహకులకు నా విన్నపం ఇది: వచ్చే ఏడాది ఉపన్యాసానికి పెట్టే ఖర్చులో కొంత పక్కన పెట్టి, ఇద్దరు విద్యార్థులను ఈ జిల్లాలో ఊరూరా పంపండి. ఆ మనుషుల్ని కలిసి, వాళ్లు చెప్పింది రికార్డు చేయమనండి. రిజిస్టరు దొరికితే ప్రతి పేజీ ఫొటో తీయమనండి. ఎవరెవరు ఏ పాటలు ఎక్కువగా అడిగేవారో, ఏ పాట అరిగిపోతే మళ్లీ ఎక్కడి నుంచి తెప్పించుకునేవారో అడగమనండి. అలాంటివాళ్లు మీకు తెలిసి ఉంటే, ఈ సభ అయ్యాక నాతోనో నిర్వాహకులతోనో చెప్పి, ఊరి పేరు రాయించి వెళ్లండి.